శాస్త్ర గణనల వర్క్‌స్టేషన్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

ప్రయోగశాలకు కొత్త వర్క్‌స్టేషన్ వస్తున్నదంటే డిపార్టుమెంటులో చర్చ మొదలవుతుంది. ప్రాసెసర్‌కు ఎన్ని కోర్లు, మెమరీ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది, రెండు కొటేషన్ల మధ్య తేడా ఎంత - ఇవన్నీ పదిమంది కూర్చుని తేలుస్తారు. దాని మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలన్నది మాత్రం చాలాచోట్ల చర్చకే రాదు. అమ్మినవాళ్లు వేసి పంపినదో, పాత విద్యార్థి ఎవరో అలవాటు చేసి పోయినదో అదే నిలిచిపోతుంది. చర్చ అంటూ జరిగితే అది అభిమాన సంఘాల తగవులాగా నడుస్తుంది. ఒకరిది లినక్స్ పక్షం, ఒకరిది విండోస్ పక్షం, ఒకరిది ఆపిల్ పక్షం. ఎవరి హీరో వారికి గొప్ప.

ఇంకొంచెం చదువుకున్నవారు కెర్నెల్ నిర్మాణం గురించి వాదిస్తారు. మైక్రోకెర్నెల్ మంచిదా, ఏకశిలా కెర్నెల్ మంచిదా అని. ఇది గట్టి ప్రశ్నే. అయితే శాస్త్ర గణనలు చేసే మనకు అసలు ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. మన లెక్క ఎంత త్వరగా అవుతుందన్నది కెర్నెల్ నిర్మాణం మీద ఆధారపడేది చాలా కొద్ది. వచ్చిన అంకెను రేపు మరొకరు, మరోచోట, మరో మిషన్ మీద మళ్లీ రాబట్టగలరా అన్నది మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ మీద చాలా ఆధారపడుతుంది. ఎంపిక జరగవలసింది ఆ రెండోదాన్ని బట్టి. ఈ మాట ఎందుకు అంటున్నానో వరుసగా చూద్దాం.

కెర్నెల్ చేసే పని

ఆపరేటింగ్ సిస్టమ్ అనగానే తెరమీద కనిపించే కిటికీలూ బొమ్మలూ గుర్తుకు వస్తాయి. మన చర్చకు అవి ముఖ్యం కావు. లోపల వుండే కెర్నెల్ ముఖ్యం. ప్రాసెసర్‌ను ఎవరికి ఎంతసేపు ఇవ్వాలి, మెమరీలో ఎవరి జాగా ఎంత, డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ వుంది, నెట్‌వర్క్ మీద వచ్చిన సమాచారం ఎవరిది - ఈ నాలుగూ తేల్చేది అదే. మనం రాసిన ప్రోగ్రాము తనంతట తాను డిస్కును ముట్టుకోలేదు. కెర్నెల్‌ను అడగాలి. అలా అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు.

ఇక నిర్మాణం సంగతి. మన కాలేజీ ఆఫీసునే ఉదాహరణగా తీసుకోండి. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, హాల్‌టిక్కెట్లు, టి.సి.లు - అన్ని సెక్షన్లూ ఒకే హాల్లో వున్నాయనుకుందాం. ఒక గుమాస్తా కూర్చున్నచోటు నుండే పక్క గుమాస్తాకు ఫైలు అందిస్తాడు. పని త్వరగా సాగుతుంది. కాని ఒకరు సిరాబుడ్డి ఒలకబోస్తే పక్కవాళ్ల కాగితాలు కూడా పాడవుతాయి. ఏకశిలా కెర్నెల్ ఇటువంటిది. ఏకశిల అంటే మనవాళ్లకు ఓరుగల్లు గుర్తుకు రావచ్చు; ఇక్కడ కూడా భావం అదే, అంతా ఒకే రాయి. ఫైళ్లు, నెట్‌వర్క్, పరికరాల డ్రైవర్లు అన్నీ కెర్నెల్‌లోనే కలిసి వుంటాయి. యునిక్స్, లినక్స్ ఈ జాతివి.

ఇప్పుడు ఒక్కొక్క సెక్షన్‌కు ఒక్కొక్క గది, గదికొక తాళం పెట్టామనుకోండి. కాగితం గది నుండి గదికి పోవాలంటే అటెండరు మోసుకుపోవాలి. ఒక గదిలో నిప్పు అంటుకున్నా మిగతా గదులు క్షేమం. కాని అటెండరు నడిచే సమయం ప్రతి పనికీ కలుస్తుంది. ఇది మైక్రోకెర్నెల్. కెర్నెల్‌లో మిగిలేది తాళాలు, అటెండరు మాత్రమే. ఫైళ్లు, డ్రైవర్లు వంటివి బయట వేరువేరు సర్వర్లుగా నడుస్తాయి.

ఒక పాత వాదన

యునిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో పుట్టింది. 1973లో దాన్ని సి భాషలో తిరగరాశారు. అప్పటినుండి ఒక మిషన్ నుండి మరో మిషన్‌కు మార్చుకోవడం సులువైంది. 1980 దశకంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాక్ అనే మైక్రోకెర్నెల్ వచ్చింది. (ఇది ఆపిల్‌వారి మాకింటోష్ కాదు, పేర్లు కలిశాయంతే.) ఇక ముందుకాలమంతా మైక్రోకెర్నెల్‌దే అని పెద్దలు చాలామంది అనుకున్నారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు ఆండ్రూ టానెన్‌బామ్, అప్పటికి హెల్సింకీలో విద్యార్థిగా వున్న లైనస్ టోర్వాల్డ్స్‌తో బహిరంగంగానే వాదించాడు. ఏకశిలా నిర్మాణం కాలం చెల్లినదని ఆచార్యుని మాట. సిద్ధాంతం మాట ఎలా వున్నా నా కెర్నెల్ ఇప్పుడే పనిచేస్తున్నదని విద్యార్థి మాట.

ఈ వాదనలో కొలిచి చెప్పిన అంకెలు కూడా వున్నాయి. 1997లో యోఖెన్ లీట్కే, ఆయన సహచరులు తమ ఎల్4 అనే మైక్రోకెర్నెల్ మీద లినక్స్‌ను నడిపి కొలిచారు. 133 మెగాహెర్ట్జ్ పెంటియం మీద అతి చిన్న సిస్టమ్ కాల్‌కు మామూలు లినక్స్‌లో 1.68 మైక్రోసెకన్లు పట్టింది. ఎల్4 మీద నడిచిన లినక్స్‌లో 3.95 పట్టింది. మాక్ మీద బయటి సర్వరుగా నడిచిన లినక్స్‌లో 110 దాటింది. అంటే మైక్రోకెర్నెల్ అన్నంత మాత్రాన నెమ్మది కాదు, దాన్ని ఎలా కట్టారన్నదే ప్రధానం. మొత్తం పనిభారాన్ని కొలిచే పరీక్షలో ఎల్4 లినక్స్ వెనుకబాటు సుమారు 5 శాతమేనని తేలింది.

తర్వాత లోకం రాజీ మార్గం పట్టింది. ఆపిల్ వాడే కెర్నెల్‌లో మాక్, బి.ఎస్.డి. యునిక్స్ ముక్కలు ఒకే గదిలో కలిసి కాపురం చేస్తున్నాయి. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. కూడా మిశ్రమ జాతిదే. లినక్స్ ఏకశిలగానే వుండి, కావలసిన డ్రైవర్లను నడుస్తుండగానే చేర్చుకుని తీసివేసే ఏర్పాటు చేసుకున్నది.

మన లెక్కకు ఇది ఎంత ముఖ్యం?

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 20,000 వరుసలు, 20,000 నిలువులు వున్న మాత్రిక ఒకటి తీసుకోండి. మూలకాలు 40 కోట్లు. ఒక్కొక్కటి 8 బైట్లు కాబట్టి మొత్తం 3.2 గిగాబైట్లు. ఇటువంటి రెండు మాత్రికలను గుణించడానికి సుమారు 16 లక్షల కోట్ల గణితక్రియలు కావాలి. మన వర్క్‌స్టేషన్ సెకనుకు పదివేల కోట్ల క్రియలు చేస్తుందనుకుంటే 160 సెకన్లు పడుతుంది.

ఈ 160 సెకన్లలో కెర్నెల్ ఏం చేస్తుంది? దాదాపు ఏమీ చేయదు. గడియారం తట్టినప్పుడల్లా లేచి, అంతా సవ్యంగా వుందా అని చూసి, మళ్లీ పక్కకు తప్పుకుంటుంది. సెకనుకు 250 సార్లు లేస్తుందనుకుందాం. లేచినప్పుడల్లా 5 మైక్రోసెకన్లు తింటుందనుకుందాం. మొత్తం 40,000 సార్లకు 0.2 సెకను. 160 సెకన్లలో 0.2 సెకను అంటే నూటికి ఎనిమిదో వంతు శాతం. కెర్నెల్ ఏ జాతిదైనా ఇక్కడ పెద్దగా ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు.

అదే మాత్రికను డిస్కు నుండి చదవడం చూడండి. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క సిస్టమ్ కాల్ చేస్తే, కాల్‌కు 1 మైక్రోసెకను చొప్పున 400 సెకన్లు. గుణకారం కంటె చదవడానికే ఎక్కువ కాలం! మైక్రోకెర్నెల్ మీద కాల్‌కు రెట్టింపు అవుతుందనుకుంటే 800 సెకన్లు. ఇప్పుడు అదే చదవడాన్ని ఒక్కొక్క మెగాబైటు చొప్పున దిమ్మలుగా చేయండి. కాల్స్ 3,200కు మించవు. ఒకచోట 3.2 మిల్లీసెకన్లు, మరోచోట 6.4. మైక్రో, ఏకశిల తేడా ఎక్కడికి పోయింది? ప్రోగ్రాము రాసే పద్ధతిలో కరిగిపోయింది. నిర్మాణం గురించి వాదించుకునే ముందు మన చదివే లూపు ఎలా వుందో చూసుకోవడం మంచిది.

కెర్నెల్ నిజంగా అడ్డువచ్చిన సందర్భం

అయితే కెర్నెల్ ఎప్పుడూ అడ్డురాదని అనుకోరాదు. అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో ఆస్కీ క్యూ అనే మహా కంప్యూటర్ వుండేది. 8,192 ప్రాసెసర్లు. దానిమీద సేజ్ అనే ప్రోగ్రాము అనుకున్నంత వేగంగా నడవలేదు. ఫాబ్రీట్సియో పెట్రీనీ, మరో ఇద్దరు పరిశోధకులు వెతికి 2003లో కారణం ప్రకటించారు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్పుడప్పుడు చేసుకునే చిల్లర పనులే - లాగ్ రాసుకోవడం, ఎవరు బ్రతికి వున్నారో వాకబు చేయడం వంటివి - వేగాన్ని తినేస్తున్నాయి.

విహారయాత్ర బస్సు సంగతి అందరికీ తెలిసిందే. యాభై మందిలో ఒక్కరు టిఫిన్ దగ్గర ఆలస్యం చేస్తే నలభై తొమ్మిది మందీ బస్సులో కూర్చుని ఎదురు చూడవలసిందే. వేల ప్రాసెసర్లు ప్రతి అడుగులోనూ కలుసుకోవలసిన లెక్కలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆలస్యంగానే వుంటారు. ఆ చిల్లర పనులను తగ్గించి, సర్దుబాటు చేసినప్పుడు ఒక్క చిప్పు కూడా మార్చకుండానే సేజ్ వేగం రెట్టింపు అయింది.

ఈ కారణంగానే కొన్ని మహా కంప్యూటర్లలో లెక్క చేసే నోడ్ల మీద తేలిక కెర్నెల్ పెట్టేవారు. 1997లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన ఆస్కీ రెడ్‌లోను, 2004లో ఆ స్థానానికి వచ్చిన ఐ.బి.ఎం. బ్లూ జీన్‌లోను ఇదే పద్ధతి. లెక్క చేసేచోట తేలిక కెర్నెల్, ఫైళ్లూ మనుషులూ వచ్చేచోట పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్. ఒక్క బల్ల మీద పెట్టుకునే వర్క్‌స్టేషన్‌కు ఈ బాధ చాలా తక్కువ. కాని అందులో పాఠం వుంది: లెక్క నడుస్తున్న మిషన్ మీద అనవసరమైన సర్వీసులు నడపకండి.

మెమరీ దగ్గర జాగ్రత్త

వర్క్‌స్టేషన్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ చేయి బాగా తెలిసేది మెమరీ దగ్గర. మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది పేజీ పరిమాణం. ఇంటెల్ తరహా మిషన్ల మీద మెమరీని మామూలుగా 4 కిలోబైట్ల పేజీలుగా పంచుతారు. పై 3.2 గిగాబైట్ల మాత్రికకు 7,81,250 పేజీలు అవుతాయి. ఏ పేజీ ఎక్కడ వుందో గుర్తుపెట్టుకునే చిన్న పట్టిక ఒకటి ప్రాసెసర్‌లో వుంటుంది. అందులో ఇన్ని పట్టవు. అందుచేత మాటిమాటికి వెతుకులాట. 2 మెగాబైట్ల పెద్ద పేజీలు వాడితే 1,526తో సరిపోతుంది. మాత్రికలో అక్కడక్కడ దూకుతూ చదివే ప్రోగ్రాములకు దీనివల్ల స్పష్టమైన లాభం కనిపిస్తుంది.

రెండోది అప్పు. లినక్స్ మామూలు అమరికలో వున్న మెమరీ కంటె ఎక్కువకు మాట ఇస్తుంది. ప్రోగ్రాము అడిగిన వెంటనే సరేనంటుంది. నిజంగా వాడుకోబోయినప్పుడు ఖాళీ లేకపోతే ఏదో ఒక ప్రోగ్రామును బలవంతంగా చంపేస్తుంది. మూడు రోజులుగా నడుస్తున్న లెక్క అర్ధరాత్రి మాయమైందంటే తరచు ఇదే కారణం. ఈ అమరికను మార్చవచ్చు. అప్పుడు మెమరీ లేకపోతే మొదట్లోనే లేదంటుంది, మనం దాన్ని బట్టి లెక్కను చిన్నది చేసుకోవచ్చు. ఏది ఎలా వున్నా, గంటకొకసారి లెక్క ఎంతవరకు వచ్చిందో ఫైలులో దాచుకోని ప్రోగ్రామును రోజుల తరబడి నడపడం సాహసమే.

మూడోది రెండు ప్రాసెసర్ల మిషన్ల సంగతి. ఒక్కొక్క ప్రాసెసర్‌కు తన దగ్గరి మెమరీ, దూరపు మెమరీ అని వుంటాయి. లినక్స్‌లో మామూలుగా ఏ థ్రెడ్డు ఒక పేజీని మొదట ముట్టుకుంటుందో దాని దగ్గరే ఆ పేజీ పడుతుంది. మాత్రిక మొత్తాన్ని ఒకే థ్రెడ్డు సున్నాలతో నింపితే పేజీలన్నీ ఒక పక్కకే చేరి, రెండో ప్రాసెసర్ ప్రతి అంకెకూ దూరం పోవలసి వస్తుంది. ఎవరు లెక్క చేస్తారో వారే నింపాలి.

అంకెలే మారితే?

ఇక అసలు విషయానికి వస్తున్నాను. గణితం అందరికీ ఒకటే కాబట్టి ఏ మిషన్ మీదైనా ఒకే జవాబు వస్తుందని మనం అనుకుంటాం. 1985లో వచ్చిన ఐ-ట్రిపుల్-ఇ 754 ప్రమాణం దశాంశ లెక్కలకు ఒక క్రమం తెచ్చిన మాట నిజమే. కాని మిషన్‌లో కూడిక వరుస మారితే మొత్తం మారుతుంది. 0.1, 0.2, 0.3 తీసుకోండి. మొదటి రెండూ ముందు కూడి మూడోది చేరిస్తే 0.6000000000000001 వస్తుంది. చివరి రెండూ ముందు కూడితే 0.6 వస్తుంది. ఇక పదహారు థ్రెడ్లు పంచుకుని కోట్ల అంకెలు కూడేచోట ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇందులో ఆపరేటింగ్ సిస్టమ్ పాత్ర కూడా వుంది. పాత 32 బిట్ల ఇంటెల్ మిషన్లలో దశాంశ గణనకు 80 బిట్ల రిజిస్టర్లు వుండేవి. వాటిని ఎంత సూక్ష్మతతో వాడాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ మొదట్లోనే నిర్ణయించేది. లినక్స్ పూర్తి సూక్ష్మత ఇచ్చేది. ఫ్రీ-బి.ఎస్.డి. మామూలు డబుల్ సూక్ష్మతకే పరిమితం చేసేది. చిప్పు ఒకటే, ప్రోగ్రాము ఒకటే, చివరి అంకెలు వేరు. 2003 నుండి వచ్చిన 64 బిట్ల మిషన్లు వేరే రిజిస్టర్లు వాడడంతో ఈ తేడా చాలావరకు పోయింది. సైను, ఘాతాంకం వంటివి లెక్కించే గణిత లైబ్రరీల మధ్య తేడాలు మాత్రం నేటికీ వున్నాయి. ఆ లైబ్రరీ వచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే.

చివరి అంకెదేముంది అనవచ్చు. రెండు నిజమైన సంఘటనలు చెబుతాను.

మెదడు స్కాన్ చిత్రాల నుండి ఒక్కొక్క భాగం పరిమాణాన్ని కొలిచే ఫ్రీసర్ఫర్ అనే ప్రోగ్రాము వుంది. 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అవే చిత్రాలను వేరువేరు మిషన్ల మీద నడిపి చూశారు. ఆ ప్రోగ్రాము వెర్షన్ మారినప్పుడు భాగాల పరిమాణాలలో సగటున 8.8 శాతం తేడా వచ్చింది. వెర్షన్ మార్చకుండా మాకింటోష్‌కూ హెచ్.పి. వర్క్‌స్టేషన్‌కూ మధ్య, అంతేకాదు మాకింటోష్‌లోనే ఆపరేటింగ్ సిస్టమ్ 10.5కూ 10.6కూ మధ్య, సుమారు అందులో సగం తేడా వచ్చింది. జబ్బు వల్ల మెదడు ఎంత కుంచించుకుపోయిందో చెప్పవలసిన కొలత అది. కొందరు రోగుల చిత్రాలు పాత సిస్టమ్ మీద, కొందరివి కొత్తదాని మీద నడిపితే, కనిపించిన తేడా జబ్బుదా, మిషన్‌దా? ఎవరు చెప్పగలరు?

రెండోది రసాయన శాస్త్రంలోది. అణువుల ఎన్.ఎం.ఆర్. విలువలను లెక్కించడానికి 2014లో ప్రచురించిన పైథాన్ ప్రోగ్రాములను చాలామంది వాడారు. 2019లో హవాయి విశ్వవిద్యాలయంలో పరిశోధకులకు అవే ఫైళ్లతో ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఒక్కొక్క జవాబు వచ్చింది. కారణం వెతికితే సామాన్యమైనది. ఒక డైరెక్టరీలోని ఫైళ్ల జాబితా ఎప్పుడూ పేర్ల వరుసలోనే వస్తుందని ప్రోగ్రాము నమ్మింది. కొన్ని సిస్టమ్‌లు అలాగే ఇచ్చాయి, కొన్ని తమకు తోచిన వరుసలో ఇచ్చాయి. అలా ఇవ్వడం సిస్టమ్ తప్పు కాదు. వరుస తప్పదని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఫైళ్లను వరుసగా పేర్చమనే ఒక్క ఆజ్ఞ చేరిస్తే సరిపోయింది. ఆ లోపల వందకు పైబడిన పరిశోధన పత్రాలు అనుమానపు నీడలోకి వచ్చాయి.

ఈ రెండు చోట్లా కెర్నెల్ మైక్రోనా, ఏకశిలనా అన్న ప్రశ్నే రాలేదు. లైబ్రరీ, ఫైళ్ల సేవ, వెర్షన్ - ఇవే మనుషులను ఇబ్బంది పెట్టాయి.

ఆయుర్దాయం చూడాలి

పెళ్లి సంబంధం చూసేటప్పుడు వయసూ ఆరోగ్యమూ అడుగుతాం. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ అడగాలి. 1980లో మొదలైన అపోలో కంపెనీ ఎంతో మంచి వర్క్‌స్టేషన్లు తన సొంత సిస్టమ్‌తో చేసింది. 1989లో హ్యూలెట్-పాకార్డ్ దాన్ని కొనివేసింది. అణువుల బొమ్మలు చూపడంలో సాటిలేని సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలు, వాటి ఐరిక్స్ సిస్టమ్ 2006తో ఉత్పత్తి ఆగి చరిత్రలో కలిశాయి. వాటిమీదే నడిచే ప్రోగ్రాములలో, వాటికే తెలిసిన ఫైళ్లలో తమ పని దాచుకున్నవారి గతి ఏమిటి?

మూలకోడ్ అందరికీ అందుబాటులో వున్నంత మాత్రాన ఆయుర్దాయం ఖాయమని కాదు. ఫెర్మీల్యాబ్, సెర్న్ వంటి సంస్థల అండతో 2004లో సైంటిఫిక్ లినక్స్ వచ్చింది. ఇకపై కొత్త వెర్షన్ వుండదని 2019లో ప్రకటించారు. ఆశగా చాలామంది మారిన సెంటోస్ 8కు కూడా 2021 చివరతో తెరపడింది. కాని తేడా గమనించండి. ఐరిక్స్ వాళ్లకు దారి మూసుకుపోయింది. లినక్స్ వాళ్లు ఆల్మా లినక్స్ వంటి సోదర వెర్షన్‌కు, పెద్దగా ఏమీ తిరగరాయకుండానే, మారగలిగారు. 2022 చివరలో ఫెర్మీల్యాబ్, సెర్న్ చేసిందీ అదే.

మరో సంగతి, చిన్నది పెద్దదిగా ఎదిగే దారి. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు కంప్యూటర్లను లినక్స్‌తో కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. నెట్‌వర్క్ డ్రైవర్లలో లోటు కనిపిస్తే బెకర్ స్వయంగా రాసుకున్నాడు. మూలకోడ్ చేతిలో వుండబట్టి అది సాధ్యమైంది. 2017 నవంబరు నుండి ప్రపంచంలోని 500 అగ్రశ్రేణి కంప్యూటర్ల జాబితాలో అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. హైదరాబాద్ ఐ.ఐ.టి.లోని పరమ్ సేవ కూడా లినక్స్ యంత్రమే. బల్ల మీద లినక్స్ వుంటే, మన లెక్క పెద్దదై అటువంటి చోటికి పోవలసినప్పుడు ఇల్లు మారినంత పని వుండదు, గది మారినంతే.

ఏది తీసుకోవాలి?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నాకు తోచిన సలహా ఇది.

1) సాధారణంగా లెక్కలు చేసే వర్క్‌స్టేషన్‌కు దీర్ఘకాలం మద్దతు వున్న లినక్స్ వెర్షన్ వేసుకోండి. కొత్తది వచ్చినప్పుడల్లా మార్చకండి. ఒక పరిశోధన మొదలయ్యాక అది ముగిసేదాకా లైబ్రరీల వెర్షన్ కదపకండి. భద్రతా సవరణలు మాత్రం వేస్తూ వుండండి.

2) గ్రాఫిక్స్ కార్డు మీద లెక్క చేయాలనుకుంటే ముందు దాని డ్రైవర్ ఏ సిస్టమ్‌కు వుందో చూసి, ఆ తర్వాత సిస్టమ్ నిర్ణయించండి. ఎన్‌విడియావారి కూడా సదుపాయం మాకింటోష్‌కు 2019లో వచ్చిన 10.2 వెర్షన్‌తో ఆగిపోయింది. ఎంత అందమైన కెర్నెల్ అయినా డ్రైవర్ లేకపోతే కార్డు అలంకారమే.

3) ప్రయోగ పరికరానికి ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్ మీద మాత్రమే నడిస్తే ఆ మిషన్‌ను అలాగే వుండనివ్వండి. దాన్ని కొలతలు తీసుకోవడానికే వాడి, కొలతలను అందరూ చదవగల రూపంలో బయటికి తెచ్చి వేరే మిషన్ మీద లెక్క చేయండి.

4) నిర్ణీత మైక్రోసెకనులో స్పందించవలసిన నియంత్రణ పని వుంటే అది వేరే కథ. క్యూ.ఎన్.ఎక్స్. వంటి మైక్రోకెర్నెల్ సిస్టమ్‌ల గొప్ప అక్కడ తెలుస్తుంది. ఎస్.ఇ.ఎల్.4 అనే మైక్రోకెర్నెల్ సుమారు 8,700 పంక్తుల కోడ్ సరైనదేనని 2009లో గణితపరంగా నిరూపించారు. రెండు కోట్ల పంక్తులు దాటిన లినక్స్‌కు అది ఊహించలేని మాట. ప్రాణాపాయం వున్నచోట అటువంటిదే కావాలి. సామాన్య అవసరాలకు 2024లో వచ్చిన 6.12 వెర్షన్ నుండి లినక్స్‌లోనే రియల్‌టైమ్ ఏర్పాటు చేరింది. ఎలాగైనా నియంత్రణ ఒక చిన్న బోర్డు మీద, గణన వర్క్‌స్టేషన్ మీద విడిగా వుంచడం మేలు.

5) కంటైనర్లు వాడితే లైబ్రరీలను మూటగట్టి దాచుకోవచ్చు. అయితే ఆ మూటలో కెర్నెల్ వుండదు, ప్రాసెసర్ అసలే వుండదు. మూట కట్టాం కాబట్టి అన్నిచోట్లా అదే అంకె వస్తుందని ధీమా పడరాదు.

విద్యార్థులకు మనవి

జవాబు తెలిసిన చిన్న లెక్క ఒకటి ఎప్పుడూ దగ్గర వుంచుకోండి. మిషన్ మారినా, సిస్టమ్ మారినా, లైబ్రరీ మారినా ముందు దాన్ని నడిపి చూడండి. ఎన్ని అంకెలు కలవాలో కూడా ముందే తెలుసుకోవచ్చు. డబుల్ సూక్ష్మతలో సుమారు 16 అంకెలు వుంటాయి. మాత్రిక కండిషన్ నంబరు పది లక్షలైతే అందులో ఆరు పోతాయి. మిగిలిన పదీ కలవాలి. అంతకంటె ముందే తేడా వస్తే అక్కడే ఆగి కారణం వెతకండి.

ఇక రెండోమాట. ప్రయోగం రాసేటప్పుడు పరికరం పేరు, రసాయనం శుద్ధత, గది ఉష్ణోగ్రత రాయని విద్యార్థికి మనం మార్కులు తగ్గిస్తాం. గణన చేసినవారు ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, వెర్షన్, కంపైలర్, లైబ్రరీలు, థ్రెడ్ల సంఖ్య రాయకపోతే మాత్రం అడిగేవారు లేరు. రాయడానికి అరపేజీ చాలు. ఎక్కడో మరో ఊళ్లో మన పత్రం చదివి, మన అంకెను మళ్లీ రాబట్టాలని కూర్చున్న మరో విద్యార్థికి ఆ అరపేజీయే దారి చూపుతుంది. ఏ కెర్నెల్ గొప్పదో పెద్దలు వాదించుకుంటూనే వుంటారు. మన వంతుగా ఈ సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టులలోనే ఆ అరపేజీ మొదలుపెడదాం.